ఫారినర్‌ని పెళ్ళి చేసుకుని హైదరాబాద్‌లో కాపురం పెడుతున్నారా, వీసా పనులు వరసగా ఎలా చేసుకోవాలో చెప్తాను

మా ఆయనది కొలంబియా, మాది మల్కాజ్‌గిరి. పెళ్ళై నాలుగేళ్ళు దాటింది. చుట్టాల్లో గానీ ఫ్రెండ్స్‌లో గానీ ఎవరైనా ఫారినర్‌ని చేసుకుంటున్నారంటే ముందు నాకే ఫోన్ వస్తుంది, "అక్కా, బావగారికి ఇక్కడ ఉండటానికి ఏం వీసా తీసుకున్నారు" అని. ప్రతిసారీ ఫోన్‌లో గంటసేపు చెప్తున్నా, ఏదో ఒకటి మర్చిపోతున్నా, అందుకే కూర్చుని మొత్తం రాసేస్తున్నా. ఇది ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళని చేసుకుని ఇక్కడికొచ్చి ఉండేవాళ్ళ గురించి, మీరు వాళ్ళ దేశం వెళ్ళి ఉండేటట్టయితే ఆ రూల్స్ పూర్తిగా వేరు.

అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. మీ ఆయనకో మీ ఆవిడకో ఇక్కడి భాష రాదు, ఆఫీసులు తెలీవు, కాబట్టి పనులన్నీ మీరే చేసేస్తారు. చేయండి, కానీ వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. అప్లికేషన్‌లో ఈమెయిల్ వాళ్ళది ఇవ్వండి, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గర కూడా ఉండనివ్వండి, ఫైల్ ఎక్కడుందో వాళ్ళకి తెలియాలి. మొదటి సంవత్సరం నేను అన్నీ నా ఫోన్‌లోనే పెట్టుకున్నాను, ఒకరోజు రాత్రి మా ఆయన మెల్లగా అడిగాడు, "నా వీసా ఎప్పటిదాకా ఉంది, నాకు తెలీదు" అని. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. ఈ దేశంలో ఉండటానికి ఆ మనిషికున్న ఆధారం మన పెళ్ళి కాగితం ఒక్కటే, దాని వివరాలు కూడా మనల్ని అడిగి తెలుసుకోవాల్సి వస్తే అంతకంటే భయం ఇంకేముంటుంది.

ఒకటి: పెళ్ళికి ముందే పేర్లు సరిచేసుకోండి

ఇది చాలామంది వదిలేస్తారు, నేనూ వదిలేశాను, అందుకే ఎక్కువ చెప్తున్నా.

మన తెలుగువాళ్ళ పేర్లు ఒక్కో కార్డులో ఒక్కోలా ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ కింద పూర్తిగా రాసి వెనక. మనకి అలవాటే కాబట్టి అందరం ఒకరే అనుకుంటాం, వీసా చూసే ఆఫీసర్‌కి మాత్రం అవి ఇద్దరు మనుషుల పేర్లు. అటు వాళ్ళ పేర్లు ఇంకోలా ఉంటాయి. మా ఆయనకి స్పానిష్ పద్ధతిలో రెండు పేర్లు, రెండు ఇంటిపేర్లు, ఒకటి తండ్రిది ఒకటి తల్లిది. మ్యారేజ్ అప్లికేషన్ టైప్ చేసిన డీటీపీ షాపులో ఆ అబ్బాయి చివరి ఇంటిపేరు పొడుగైపోతుందని కొట్టేశాడు, నేను ప్రింట్ చూసి కూడా, సర్లే మనిషైతే ఒకడే కదా అని సంతకం పెట్టేశాను. సర్టిఫికెట్ అలాగే వచ్చింది. పాస్‌పోర్ట్‌లో నాలుగు ముక్కలు, సర్టిఫికెట్‌లో మూడు. దాన్ని సరిచేయించడానికి అఫిడవిట్లు, మళ్ళీ మళ్ళీ తిరగడం, ఆ రెండు నెలలు మా ఇంట్లో వేరే మాట లేదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఇద్దరి పాస్‌పోర్ట్‌లు టేబుల్ మీద పెట్టండి. ప్రతి కాగితంలో పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. మీ ఆధార్‌లో తేడా ఉంటే పెళ్ళికి ముందే మార్పించుకోండి. పెళ్ళయ్యాక పేరు మార్చుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆపేయండి అని నా సలహా, వీసా, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు, దీని గురించి చివర్లో చెప్తాను) అన్నీ అయ్యేదాకా ఎవరి పేరు వాళ్ళకే ఉండనివ్వండి.

రెండు: పెళ్ళి రిజిస్ట్రేషన్

గుళ్ళో పెళ్ళి, ఫంక్షన్ హాల్లో పెళ్ళి అన్నీ మన సంతోషానికి, వీసాకి పనికొచ్చేది రిజిస్ట్రేషనే. హిందూ మ్యారేజ్ యాక్ట్ ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది, కాబట్టి ఫారినర్‌తో పెళ్ళికి శుభ్రంగా స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954 కింద వెళ్ళండి. మీ ఏరియా ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కిందకొస్తుందో చూసుకుని అక్కడ నోటీసు ఇవ్వాలి, ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి, అది మీ అడ్రస్‌తో సరిపోతుంది. నోటీసు బోర్డు మీద పెడతారు, 30 రోజులు ఆగాలి, ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే ముగ్గురు సాక్షులతో వెళ్ళి సంతకాలు. నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు పెళ్ళి అవ్వకపోతే మళ్ళీ కొత్త నోటీసు ఇవ్వాల్సిందే.

ఇక్కడ లెక్క తప్పేవాళ్ళని చూశాను. నోటీసుకే 30 రోజులు పోతాయి కదా, మరి 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసా మీద వస్తే ఎలా సరిపోతుంది. టికెట్ బుక్ చేసే ముందే ఎన్ని రోజులు ఉండనిస్తారో చూసుకుని, మూడు నెలలు చేతిలో ఉండేలా రండి.

వాళ్ళ వైపు నుంచి ముఖ్యంగా కావాల్సింది పెళ్ళి కాలేదని, లేదా విడాకులు అయ్యాయని వాళ్ళ ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్. దానికి వాళ్ళ దేశంలోనే అపోస్టిల్ (కాగితం అసలుదేనని వేరే దేశంలో చెల్లేలా వేసే స్టాంపు) చేయించుకుని తీసుకురండి. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, కాబట్టి వాళ్ళ దేశం కూడా అందులో ఉంటే మామూలుగా ఆ ఒక్క స్టాంపు చాలు. కాగితం ఇంగ్లీషులో లేకపోతే సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ తప్పదు. అది కూడా అక్కడే చేయించడం మంచిది, హైదరాబాద్‌లో స్పానిష్ ట్రాన్స్‌లేటర్ దొరకడానికి నాకు మూడు వారాలు పట్టింది.

పెళ్ళి వాళ్ళ దేశంలోనే అయిపోయి ఉంటే ఆ మ్యారేజ్ సర్టిఫికెట్‌కే అపోస్టిల్ చేయించుకుని రండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆఫీసు మెట్లు దిగకముందే ఒక్కో అక్షరం చదవండి. పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రస్, దేశం. తేదీ దగ్గర ఇంకా జాగ్రత్త, కొన్ని దేశాల్లో నెల ముందు రాస్తారు రోజు తర్వాత రాస్తారు, మన దగ్గర అది తిరగబడిపోతుంది.

మూడు: ఎక్స్ వీసా

ఇండియన్‌ని పెళ్ళి చేసుకున్న ఫారినర్‌కి ఇచ్చేది ఎంట్రీ వీసా, అందరూ ఎక్స్ వీసా అంటారు, భార్యాభర్తలకి ఎక్స్-2. దీన్ని మల్టిపుల్ ఎంట్రీతో అయిదేళ్ళ దాకా ఇవ్వొచ్చు, అయితే ఎంతకిస్తారనేది ఆఫీసర్ చేతిలో ఉంటుంది, కొంతమందికి ఒక్క సంవత్సరమే ఇస్తారు.

రెండు దార్లు ఉన్నాయి. వాళ్ళు వెనక్కి వెళ్ళి అక్కడి ఇండియన్ ఎంబసీలో అప్లై చేయడం ఒకటి. వేరే వీసా మీద ఇక్కడ ఉండగా పెళ్ళి చేసుకుంటే ఎఫ్ఆర్ఆర్ఓ (ఫారినర్ల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు) దగ్గర ఎక్స్ వీసాకి మార్చమని అప్లై చేయడం ఇంకోటి. రెండోది చవగ్గా అనిపిస్తుంది కానీ దానికి ఎంక్వైరీలు ఉంటాయి, ఈలోపు ఉన్న వీసా అయిపోతుందేమో అన్న టెన్షన్ ఉంటుంది. టికెట్‌కి డబ్బులు సర్దుబాటు అయితే నేను మొదటిదే చెప్తాను. మా ఆయన బొగొటా వెళ్ళి అక్కడ అప్లై చేసుకుని వచ్చాడు, కొత్త పెళ్ళికొడుకు అన్ని వారాలు దూరంగా ఉండటం మా అమ్మకి అస్సలు నచ్చలేదు, శ్రావణమాసం ఒక్కదాన్నే చేసుకున్నాను, అయినా అదే మంచిదైంది.

వీసా రాగానే రెండు విషయాలు చూడండి. మామూలు పేపర్ వీసాకి లెక్క ఇచ్చిన తేదీ నుంచి మొదలవుతుంది, మీరు దిగిన తేదీ నుంచి కాదు, కాబట్టి వీసా తీసుకుని మూడు నెలలు అక్కడే కూర్చుంటే ఆ మూడు నెలలు పోయినట్టే. రెండోది, స్టాంపు మీద రిజిస్ట్రేషన్ గురించి చిన్న లైన్ రాసి ఉంటుంది, వచ్చిన 14 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలనో, ఒక్కోసారి ఉండేది 180 రోజులు దాటకపోతే అక్కర్లేదనో. ఆ లైన్‌ని ఫోటో తీసి పెట్టుకోండి.

నాలుగు: ఇల్లు, ఓనర్, ఫామ్ సి

ఫారినర్ ఎవరింట్లో దిగితే ఆ ఇంటివాళ్ళు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు ఇవ్వాలి, అందరూ దీన్ని ఫామ్ సి అంటారు. హోటల్ అయితే వాళ్ళే చేసుకుంటారు. సొంతిల్లయితే మీరే చేసుకోవచ్చు. అద్దె ఇల్లయితే ఓనర్ చేయాలి, హైదరాబాద్‌లో అసలు కష్టం మొదలయ్యేది ఇక్కడే.

మా ఓనర్ అంకుల్ చాలా మంచాయన, కానీ ఫామ్ సి అనగానే ఆయన చేతిలో పేపర్ పక్కన పెట్టేశాడు. "పోలీసోళ్ళు వస్తరా అమ్మా మా ఇంటికి? ట్యాక్స్ వాళ్ళకి తెలుస్తదా?" అన్నాడు. ఫోన్లో ఎంత చెప్పినా వినలేదు. ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ పట్టుకుని మేమిద్దరం కిందకి వెళ్ళి, ఆంటీ ఇచ్చిన టీ తాగుతూ ఆయన పక్కనే కూర్చుని పేజీ తెరిచి చూపించాను, ఇదిగో అంకుల్ ఇందులో అడిగేది మీ అడ్రస్, ఆయన పాస్‌పోర్ట్ నంబర్, వీసా నంబర్, ఎప్పుడొచ్చాడు ఎప్పటిదాకా ఉంటాడు, ఇంతే అని. ఆయన ఫోన్‌కొచ్చిన ఓటీపీ ఆయనతోనే చెప్పించుకుని ఎంటర్ చేశాను. అయ్యాక ప్రింట్ తీసి ఒక కాపీ ఆయనకే ఇచ్చాను. ఇప్పుడు పక్క వీధిలో నేపాలీ ఫ్యామిలీ వచ్చినా ఆయనే అడుగుతున్నాడు, కాగితాలు అన్నీ చేసుకున్నారా బాబూ అని.

ఇల్లు వెతికేటప్పుడే ఈ మాట చెప్పేయండి, అడ్వాన్స్ ఇచ్చాక కాదు. ఇంకో విషయం, మన ఊళ్ళో సగం ఇళ్ళకి కరెంట్ బిల్లు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే వస్తుంటుంది. మాదీ అంతే. ఓనర్ పేరు ఒకటి, బిల్లు మీద పేరు ఇంకొకటి, దాంతో అప్లికేషన్ వెనక్కి వచ్చింది. ఓనర్ దగ్గర ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు కాపీ, ఆధార్ కాపీ, "ఈ బిల్లు మా నాన్నగారి పేరు మీద ఉంది, వీళ్ళు మా ఇంట్లోనే ఉంటున్నారు" అని సంతకంతో ఒక లెటర్ తీసుకుని పెడితే ఒప్పుకున్నారు. ఈ మూడూ ముందే తీసి పెట్టుకోండి. రెంటల్ అగ్రిమెంట్‌లో మీ ఒక్కరి పేరే కాకుండా ఇద్దరి పేర్లూ రాయించండి.

తిరుపతి లాంటి చోట్లకి వెళ్ళేటప్పుడు చిన్న లాడ్జిల్లో ఫామ్ సి పెట్టే ఏర్పాటు లేక రూమ్ ఇవ్వరు, ముందే ఫోన్ చేసి ఫారినర్‌కి ఇస్తారా అని అడగండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి.

అయిదు: ఎఫ్ఆర్ఆర్ఓ రిజిస్ట్రేషన్

హైదరాబాద్‌ ఎఫ్ఆర్ఆర్ఓ ఆఫీసు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ వైపు. కానీ 2018 నుంచి ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్ వచ్చింది కాబట్టి చాలా పనులు ఇంట్లో కూర్చునే అయిపోతాయి, పిలిస్తే మాత్రం వెళ్ళాలి. 14 రోజులు అంటే చాలా టైమ్ ఉన్నట్టు ఉంటుంది కానీ జెట్ లాగ్‌లో నాలుగు రోజులు, చుట్టాల భోజనాల్లో నాలుగు రోజులు పోతాయి, దిగిన రెండో రోజే మొదలుపెట్టండి.

స్కాన్ చేసి పెట్టుకోవాల్సినవి: పాస్‌పోర్ట్ ఫోటో పేజీ, వీసా పేజీ, ఎయిర్‌పోర్ట్‌లో వేసిన అరైవల్ స్టాంపు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో, ఫామ్ సి, అగ్రిమెంట్, కరెంట్ బిల్లు, మ్యారేజ్ సర్టిఫికెట్, మీ పాస్‌పోర్ట్, ఇద్దరం కలిసే ఉంటున్నామని, బాధ్యత నాది అని మీరు రాసిచ్చే అండర్‌టేకింగ్. ఫోన్ కెమెరాతో వంకరగా తీసినవి పెట్టకండి, వీధి చివర జిరాక్స్ షాపులో స్కాన్ చేయించండి.

అప్లికేషన్ పెట్టాక రోజూ మెయిల్ చూడాలి, స్పామ్ కూడా. ఏదన్నా తక్కువైతే క్వెరీ వేసి వెనక్కి పంపుతారు, దానికి మీరు జవాబు పెట్టేదాకా ఫైల్ అక్కడే ఉంటుంది. వాళ్ళు అడిగింది ఒక్కటే పెట్టండి, కంగారులో ఇంకో పది కాగితాలు జోడిస్తే కొత్త ప్రశ్నలు పుడతాయి. ఎంక్వైరీకి ఎవరైనా ఇంటికొస్తే లోపల కూర్చోబెట్టి ఫైల్ చూపించండి, వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచండి, "అట్లాంటోళ్ళెవరూ లేరు సార్" అని గేటు దగ్గర్నుంచే పంపించేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

సర్టిఫికెట్ పీడీఎఫ్ మెయిల్‌కి వస్తుంది. రెండు ప్రింట్లు తీయండి, ఒకటి పాస్‌పోర్ట్‌లోనే పెట్టేయండి, దేశం దాటి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో అడుగుతారు. ఇల్లు మారినా, పాస్‌పోర్ట్ మారినా అదే పోర్టల్‌లో అప్‌డేట్ చేయాలి, మొన్ననే కదా మారాం అని ఊరుకోవద్దు.

ఆరు: పాన్, ఆధార్, ఉద్యోగం

పాన్ తీసుకోవచ్చు. ఆధార్ కూడా, గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటే ఇస్తారు, అయితే అది వీసా ఉన్నంతవరకే చెల్లుతుంది. ఉద్యోగం, వ్యాపారం మాత్రం ఎక్స్ వీసా మీద పర్మిషన్ లేకుండా చేయకూడదు, ఫ్రెండ్ షాపులో సాయం అంటూ జీతం తీసుకోవడం కూడా. మొదటి రెండేళ్ళు ఒక్క జీతం మీద ఇల్లు నడవాలి అని ముందే మాట్లాడుకోండి. మా ఆయన లాంటి కష్టపడే మనిషికి ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఎంత బాధో, వీసా ఫీజు కంటే అదే ఎక్కువ అనిపించింది. ఆ రెండేళ్ళలో తెలుగు నేర్చుకున్నాడు, ఇప్పుడు రైతు బజార్‌లో బేరం నాకంటే బాగా ఆడతాడు.

ఏడు: ఎక్స్‌టెన్షన్, అస్సలు వదలకూడని తేదీ

వీసా అయిపోవడానికి రెండు నెలల ముందే ఎక్స్‌టెన్షన్ పని మొదలుపెట్టండి, కొత్త అగ్రిమెంట్, తాజా కరెంట్ బిల్లు, మీ లెటర్ అన్నీ మళ్ళీ కావాలి. అయిపోయాక చూద్దాంలే ఫైన్ కట్టొచ్చులే అనే రోజులు పోయాయి. 1946 నాటి ఫారినర్స్ యాక్ట్ పోయి 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్, 2025 నడుస్తోంది, వీసా గడువు దాటి ఉంటే మూడేళ్ళ దాకా జైలు, 3 లక్షల దాకా ఫైన్ వేయొచ్చు.

పిల్లల గురించి ఆలోచిస్తున్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. సిటిజన్‌షిప్ యాక్ట్ ప్రకారం ఇక్కడ పుట్టిన బిడ్డకి ఇండియన్ పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు ఇండియన్ అయితే సరిపోదు, రెండోవాళ్ళు ఆ సమయానికి ఇల్లీగల్ మైగ్రెంట్ అయ్యుండకూడదు. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్ళు ఆ మాట కిందకే వస్తారు. అంటే డెలివరీ టైమ్‌కి వీసా లాప్స్ అయి ఉంటే మీ బిడ్డ పౌరసత్వానికే ఎసరు. తొమ్మిదో నెలలో హాస్పిటళ్ళ చుట్టూ తిరుగుతూ ఎవరికి గుర్తుంటుంది చెప్పండి. నాకు ఏడో నెలలో ఉండగానే మా ఆయనే తన వీసా తీసి చూసుకుని ఎక్స్‌టెన్షన్ పెట్టేశాడు, లాగిన్ వాళ్ళ చేతిలో ఉండాలని నేను పైన అన్నది అందుకే.

ఎనిమిది: ఓసీఐ

పెళ్ళి రిజిస్టర్ అయ్యి, విడిపోకుండా రెండేళ్ళు నిండితే మీ భర్త గానీ భార్య గానీ ఓసీఐకి అప్లై చేయొచ్చు. గుళ్ళో పెళ్ళయ్యాక రిజిస్ట్రేషన్ రెండేళ్ళు వాయిదా వేసుకున్నవాళ్ళు ఇక్కడ ఏడుస్తారు, అందుకే ఆ పని వెంటనే చేయమనేది. వాళ్ళు గానీ వాళ్ళ అమ్మానాన్నలు, తాతముత్తాతలు గానీ ఎప్పుడైనా పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ రాదు.

ఇండియాలో అప్లై చేస్తే ఫీజు 15,000 రూపాయలు. ముందు సెక్యూరిటీ క్లియరెన్స్ ఉంటుంది కాబట్టి నెలలు పడుతుంది, ఈలోపు ఎక్స్ వీసాని బతికించుకుంటూ ఉండాలి, ఓసీఐ వస్తుంది కదా అని ఎక్స్‌టెన్షన్ ఆపకండి. ఆఫీసర్లు ఇద్దర్నీ పిలిచి మాట్లాడొచ్చు. మమ్మల్ని పక్కపక్కనే కూర్చోబెట్టి ఎక్కడ కలిశారు, పెళ్ళికి ఎవరెవరొచ్చారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు అని అడిగారు. మా ఆయన తెలుగులోనే "పప్పు నేను, చికెన్ ఆమె" అన్నాడు, ఆఫీసర్ మేడమ్ నవ్వేసింది. పెళ్ళి ఫోటోలు, చుట్టాలతో దిగినవి కూడా, జాయింట్ అకౌంట్ స్టేట్‌మెంట్ పట్టుకెళ్ళండి.

ఓసీఐ వచ్చాక ఎఫ్ఆర్ఆర్ఓ రిజిస్ట్రేషన్ గొడవ లేదు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఎన్నిసార్లయినా రావచ్చు పోవచ్చు. ఆధార్ కూడా పదేళ్ళకి ఇస్తారు. ఓటు ఉండదు, గవర్నమెంట్ ఉద్యోగం ఉండదు, వ్యవసాయ భూమి కొనకూడదు, కాబట్టి మీ నాన్నగారు శంకర్‌పల్లి వైపు పొలం కొత్త అల్లుడి పేరు మీద రాస్తానంటే ముందే ఆపండి. విడాకులైతే పెళ్ళి మీద వచ్చిన ఓసీఐని రద్దు చేస్తారు, ఈ మాట కూడా వాళ్ళకి మీరే చెప్పాలి, ఇంకెవరి దగ్గరో వినకూడదు.

ఇండియన్ పౌరసత్వం కావాలంటే పెళ్ళి చేసుకుని ఏడేళ్ళు ఇక్కడ ఉన్నాక అప్లై చేయొచ్చు, కానీ మన దగ్గర రెండు పౌరసత్వాలు కుదరవు, వాళ్ళది వదులుకోవాలి. వాళ్ళమ్మ అక్కడే ఉన్నంతకాలం మా ఆయన్ని ఆ మాట నేను అడగను.

చివరిగా ఒక్క పని ఉంది. పెళ్ళి మీద ఓసీఐ తీసుకున్నవాళ్ళు పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ మూడు నెలల్లోగా కొత్త పాస్‌పోర్ట్ కాపీ, ఫోటో, పెళ్ళి ఇంకా కొనసాగుతోందని డిక్లరేషన్ పోర్టల్‌లో పెట్టాలి, దానికి ఫీజు లేదు. మా ఆయన పాస్‌పోర్ట్ వచ్చే ఏడాది మారుతుంది. ఆ తేదీ ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో స్పానిష్‌లో రాసుకున్నాడు, కింద నేను తెలుగులో రాశాను.